సింగరేణి బొగ్గు కనుగొన్న డాక్టర్ కింగ్

తిరుమల కాలిబాటలో మెట్లెక్కేటప్పుడు పొరలు పొరలుగా కనిపించే గట్టి రాళ్లను మనమందరం చూసినవాళ్లమే. శాస్త్రజ్ఞులు వాటిని నగరి క్వార్ట్‌జైట్ అంటారు. మన నగరి పేరును భూగర్భ శాస్త్రంలోకి ఎక్కించినవారు డాక్టర్ విలియం కింగ్. సింగరేణి బొగ్గును కనుగొన్నదీ ఆయనే. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాము.

తండ్రి పేరూ విలియం కింగే. ఐర్లండులోని గాల్వేలో ప్రొఫెసర్‌గా ఉంటూ 1864లో నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టినది ఆయనే. కొడుకు 1857లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరారు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి, మన సత్యవేడుకు దక్షిణాన ఉన్న అత్తిరంపాక్కంలో రాతియుగపు పనిముట్లు కనుగొన్నారు. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన పెద్ద గ్రంథం 1872లో వెలువడింది. అంతకు ఏడాది ముందే, 1871లో, నిజాం రాజ్యంలోని ఇల్లందు దగ్గర నేలబొగ్గును గుర్తించారు.

ఇది ఇస్త్రీపెట్టెలో వేసే కట్టెబొగ్గు కాదు. నేలబొగ్గు వెతికేవారికి ఒక చిక్కుంది. నేలపైకి తేలిన పొర ఏళ్ల తరబడి గాలికీ వానకూ గురై మెరుపు పోగొట్టుకుంటుంది, నలిపితే పొడి అవుతుంది. దాన్ని చూసి లోపలి బొగ్గును అంచనా వేస్తే పొరపాటే. గాలిలోని ఆక్సిజన్ ముందు బొగ్గు పైభాగానికి అంటుకుని, తర్వాత దానితో కలిసి హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ సమూహాలను ఏర్పరుస్తుంది. మంచి రకం తాజా బొగ్గు పొడి నూనె పూసినట్లు నీటిపై తేలుతుంది. గాలి సోకిన పొడి తడిసి మునుగుతుంది. ఈ రసాయన వివరాలు చాలావరకు కింగ్ గారి కాలం తర్వాతే తేలాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ కలయికలో వేడి పుడుతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే, గుట్టలోనైనా గనిలోనైనా, అగ్గిపుల్ల గీయకుండానే బొగ్గు అంటుకుంటుంది. మంటకు ముందే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రంగూ వాసనా లేని ఆ విషవాయువు కార్మికుల ప్రాణాలు తీయగలదు. అందుకే గనుల్లో దాన్ని కొలుస్తూ ఉంటారు, పని ముగిసిన భాగాలకు గాలి చొరకుండా గోడలు కడతారు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు గుట్టలను బుల్డోజర్లతో తొక్కించేదీ ఈ భయంతోనే.

ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. అప్పటికి కింగ్ గారు సర్వే సంస్థకు డైరెక్టరు. 1887 నుంచి 1894 వరకు ఆ పదవిలో ఉండి, 1900లో మరణించారు. సింగరేణి గనుల్లోని ఒక ముఖ్యమైన బొగ్గు పొరను కింగ్ సీమ్ అని పిలుస్తారు.