ఫ్రాంక్లిను వ్రాత నేర్చుకొనిన విధము

పిడుగులోనిది విద్యుత్తేయని కనుగొనిన శాస్త్రజ్ఞుడుగను, 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన రాజనీతిజ్ఞుడుగను బెంజమిను ఫ్రాంక్లిను ప్రసిద్ధుడు. ఆతడు 1706వ సంవత్సరమున బోస్టను నగరమున జన్మించి, 1790లో మరణించెను. తండ్రి జోసయా సబ్బులును క్రొవ్వొత్తులును చేసి అమ్మి జీవించువాడు. పదునేడుగురు సంతానములో బెంజమిను పదునైదవవాడు. అంత పెద్ద సంసారమున చదువునకు ధనమెక్కడిది? బాలుడు బడికి పోయినది రెండేండ్లు మాత్రమే. అందును లెక్కలలో తప్పెను. పండ్రెండవ యేట అన్నయగు జేమ్సు అచ్చుకూటమున పని నేర్చుకొనుటకై చేరెను.

ఆ యూరిలోనే జాన్ కాలిన్సు అను మిత్రుడు కలడు. ఇరువురకును పుస్తకములన్నను వాదమన్నను మిక్కిలి ప్రీతి. స్త్రీలకు విద్య నేర్పుట ఉచితమా కాదా యని ఒకప్పుడు వారికి వివాదము కలిగెను. కాదని కాలిన్సు, ఉచితమేయని ఫ్రాంక్లిను. కాలిన్సునకు మాటలు ప్రవాహమువలె వచ్చుచుండెను. తాను యుక్తిబలమునకు గాక ఆ మాటల వడికే ఓడుచున్నానని ఫ్రాంక్లినునకు తోచెను. విషయము తేలకయే విడిపోయిరి. పిమ్మట ఫ్రాంక్లిను తన హేతువులను వ్రాసి పంపగా కాలిన్సు బదులు వ్రాసెను. ఇట్లు మూడు నాలుగేసి లేఖలు నడచెను.

ఆ కాగితములు తండ్రి కంటబడెను. ఎవరి పక్షము న్యాయమో ఆయన చెప్పలేదు. అచ్చుకూటపు పనివలన కుమారునకు అక్షరదోషములు లేకుండ, విరామచిహ్నములు తప్పకుండ వ్రాయుట అలవడినదనెను. కాని మాటల సొంపునందును, విషయమును క్రమముగా నడపుటయందును, స్పష్టతయందును మిత్రునికంటె వెనుకబడినాడని, ఆ లేఖలలోని తావులనే చూపి తెలిపెను. కుమారుని పక్షమును పొగడి ఊరకున్నచో బాలుడక్కడనే నిలిచిపోయెడివాడేమో! ఆ మాట న్యాయమైనదని ఫ్రాంక్లిను గ్రహించెను.

అంతలో స్పెక్టేటరు అను లండను పత్రిక సంపుటమొకటి అతనికి దొరకెను. అందలి వ్యాసమును చదివి, ఒక్కొక్క వాక్యములోని భావమును కొద్దిమాటలలో గుర్తు వ్రాసికొని, కొన్నిదినములు ప్రక్కనుంచెడివాడు. తరువాత పుస్తకము చూడక ఆ గుర్తులనుబట్టి వ్యాసమంతయు తన మాటలలో వ్రాసి, మూలముతో పోల్చి, తప్పులు దిద్దుకొనెడివాడు. తనకు పదసంపద చాలదని అప్పుడు తెలిసెను. పద్యము వ్రాయువాడు ఛందస్సుకొరకు ఒకే అర్థమునకు పలుమాటలు వెదకవలసివచ్చును గదా! అందుచే కొన్ని కథలను పద్యములుగా వ్రాసి, మూలము మరచిన పిమ్మట మరల వచనము చేసెను. ఒక్కొక్కప్పుడు గుర్తులన్నింటిని కలగాపులగము చేసి, కొన్నివారములైన తరువాత ఏది ముందో ఏది వెనుకో యోచించి కూర్చెడివాడు. తండ్రి లేదన్న క్రమము అతనికి ఇట్లు పట్టుబడెను. ఈ సాధనకు రాత్రులును, పనికి ముందటి ఉదయములును, ఆదివారములును తప్ప వేళ లేదు.

సోక్రటీసు వాదపద్ధతిని గూర్చి చదివి, ఎదిరిని ఖండించుట మాని, వినయముతో ప్రశ్నించుట నేర్చెను. మొదట ఆ నేర్పుతో పెద్దవారిని సైతము చిక్కులలో దింపి సంతోషించుచుండెను. ఇది అంత మెచ్చదగిన పని కాదు. క్రమముగా దానిని విడిచి, నిస్సందేహముగా అను మాటకు బదులు నాకిట్లు తోచుచున్నది అనెడి అలవాటును మాత్రము నిలుపుకొనెను.

1722లో, పదునారవ యేట, సైలెన్స్ డుగుడ్ అను వితంతువు పేర ఒక లేఖ వ్రాసెను. తమ్ముని వ్రాతయని తెలిసినచో అన్న ప్రకటింపడని శంకించి, దస్తూరి మార్చి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపు క్రింద త్రోసెను. జేమ్సు మిత్రులు దానిని చదివి మెచ్చుకొని, వ్రాసినవారెవరై యుందురోయని నగరమునందలి విద్వాంసుల పేర్లు చెప్పుకొనుచుండగా బెంజమిను వినుచుండెను. జేమ్సు నడపుచున్న న్యూ ఇంగ్లండ్ కొరంట్ పత్రికలో అట్టి లేఖలు పదునాలుగు వెలువడెను. మే నెలలో వచ్చిన అయిదవ లేఖలో, స్త్రీల అజ్ఞానమునకు వారికి చదువు చెప్పింపని పురుషులే బాధ్యులని, ఒక ఆంగ్ల గ్రంథకర్త అభిప్రాయములను ఆధారముగా చూపి, ఆ వితంతువు వాదించెను. కాలిన్సుతో తేలక నిలిచిన విషయమదియే.