గేలార్డ్ పౌలెస్: లక్రాస్ ఆటగాడు, పిల్లల కోచ్

పిల్లలూ! సావనీరు అనగానే మనకి పోతనగారో, కాటన్ దొరగారో గుర్తుకొస్తారు. ఈసారి నా వంతు కనుక, టొరంటో వైపు నుంచి పొద్దున కారులో బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో పుట్టిన ఒకాయన గురించి రాస్తాను.

ఆంటారియోలో బ్రాంట్‌ఫర్డ్ పక్కన, గ్రాండ్ నది ఒడ్డున సిక్స్ నేషన్స్ ఆదివాసుల నేల ఉంది. అక్కడి ముఖ్యమైన ఊరు ఓష్వీకెన్. లక్రాస్ వాళ్ళ తాతముత్తాతల ఆట. చివర వల కట్టిన కర్రతో బంతిని అందుకుని, పరిగెడుతూ గోల్‌లోకి విసరాలి. మనం అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం పెట్టినట్టే, వాళ్ళు మగపిల్లాడి ఊయలలో చిన్న లక్రాస్ కర్ర పెట్టడం ఆచారం. అలాంటి ఆటకి మాంట్రియల్‌లో ఒక పళ్ళ డాక్టరు 1867లో నియమాలు రాశాడు. 1880 వచ్చేసరికి, డబ్బు తీసుకుని ఆడతారనే సాకుతో, కెనడా లక్రాస్ సంఘం ఆదివాసులనే పోటీల నుంచి తప్పించింది. ఆట నేర్పినవాళ్ళకే ఆటలో చోటు లేకుండా పోయింది!

గేలార్డ్ 1946 డిసెంబరు 1న పుట్టాడు. నాన్న రాస్ పౌలెస్ కూడా పేరున్న ఆటగాడే. పీటర్‌బరో జట్టుతో 1951 నుంచి 1954 వరకు వరుసగా నాలుగు మ్యాన్ కప్పులు గెలిచాడు. కొడుకు 1964లో, పదిహేడేళ్ళ వయసులో, ఓషావా గ్రీన్ గేల్స్ జట్టులో చేరాడు. అక్కడ కోచ్ జిమ్ బిషప్. నాలుగేళ్ళు ఆడితే నాలుగేళ్ళూ జూనియర్ల మింటో కప్పు వాళ్ళదే. 1964లోనూ, 1967లోనూ ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడి బహుమతి గేలార్డ్‌కే వచ్చింది.

బాగా ఆడేవాణ్ణి ఎదుటి జట్టు ఊరికే వదలదు కదా. కర్రతో కొట్టేవారు, జాతి పేరెత్తి వెక్కిరించేవారు. నాన్న నేర్పిన జవాబు ఒక్కటే: చెయ్యి ఎత్తకుండా, బంతిని వలలో వెయ్యడం. గేలార్డ్ అదే చేశాడు.

ఇది చదివినప్పుడు మా అబ్బాయి గుర్తొచ్చాడు. నాలుగో క్లాసులో డబ్బాలో పెట్టిన ఇడ్లీ చూసి ఎవరో ఏదో అంటే, ఆ రోజు తినకుండా ఇంటికి తెచ్చేశాడు. వాడికేం చెప్పాలో నాకు తోచలేదు. రాస్ గారి సలహా గొప్పదే. కానీ గోల్ వెయ్యడం రాని పిల్లవాడి మాటేమిటి?

1968లో గేలార్డ్ డెట్రాయిట్ ఒలింపిక్స్ జట్టులో ప్రొఫెషనల్‌గా ఆడాడు, 1974లో సిరక్యూస్ స్టింగర్స్‌కి. ఆ రోజుల్లో లక్రాస్ లీగులు ఎక్కువకాలం నిలిచేవి కావు. 1974లో మొదలైన లీగు రెండు సీజన్లకే మూతపడింది.

ఆట మానేశాక ఆయన సిక్స్ నేషన్స్ పిల్లలకి కోచింగ్ చేశాడు. గోల్ వెయ్యడం అప్పటికింకా రానివాళ్ళే కదా ఆ పిల్లలు! కప్పుల లెక్క కంటే నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. శనివారం పొద్దున్నే నిద్రమొహాలతో వచ్చే మిమ్మల్ని కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించేవాణ్ణి కనుక, ఆ పనిలోని ఓపిక కొంచెం తెలుసు.

నాన్న పేరు 1969లో, కొడుకు పేరు 1990లో కెనడా లక్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాయి. 1994లో లక్రాస్‌ని కెనడా వేసవికాలపు జాతీయ క్రీడగా చట్టం చేశారు. గేలార్డ్ 2001 జూలై 28న, యాభైనాలుగేళ్ళకే పోయారు. రాస్ గారు మరో రెండేళ్ళు బతికారు. ఓష్వీకెన్‌లోని అరీనాకి గేలార్డ్ పౌలెస్ పేరే పెట్టారు.