కంచన్‌బాగ్ లోహం వెనక బ్రహ్మప్రకాశ్

నూజివీడు మామిడి తోటల మధ్య ట్రిపుల్ ఐటీలో మెటలర్జీ చదివే మన పిల్లలు బ్రహ్మప్రకాశ్ గురించి తెలుసుకోవాలి. 1912లో లాహోర్‌లో పుట్టిన ఆయన అమెరికా ఎంఐటీలో డాక్టరేట్ చేశారు. 1951లో బెంగళూరు ఐఐఎస్‌సీ లోహశాస్త్ర విభాగానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు.

అంతరిక్షంలో లోహానికి పెద్ద పరీక్షే. ఎండ తగిలే వైపు వంద డిగ్రీలు దాటుతుంది, నీడలో మైనస్ వంద కంటే కిందికి పోతుంది. గాలి ఉండదు కాబట్టి పైనున్న ఆక్సైడ్ పొర అరిగితే మళ్లీ రాదు. రాసుకున్న భాగాలు అతుక్కుపోవచ్చు.

1972 నుంచి 1979 దాకా ఆయన విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం తొలి డైరెక్టర్. కలాం సాహెబ్ నడిపిన ఎస్‌ఎల్‌వీ-3 ఆయన హయాంలోనే రూపుదిద్దుకుంది. ప్రత్యేక లోహాల కోసం బయటి దేశాల వైపు చూడకూడదని 1973లో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని పెట్టారు. అందులో ఆయనది ముఖ్యపాత్ర. రాకెట్ల మారేజింగ్ స్టీల్, టైటానియం అక్కడే తయారవుతున్నాయి.

1984లో కన్నుమూశారు. మిధాని టౌన్‌షిప్‌లో ఓ బడికి ఆయన పేరే ఉంది.