ఎరిక్ సాటీ: పనికి తోడైన సంగీతం

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన హైదరాబాదు పడమటి అంచు రూపురేఖలే మారిపోయాయి. హైటెక్ సిటీ కార్యాలయాలలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కంప్యూటరు తెర నుండి చూపు మరల్చక పనిచేసేవారిలో మన అన్నలూ, అక్కలూ ఉన్నారు. మాటలు లేని పియానో సంగీతం వింటే పనిపై మనస్సు నిలుస్తుందని వారిలో కొందరి అనుభవం. పనిచేసుకొనేవారి వెనుక మెల్లగా మ్రోగే సంగీతం కావాలని నూరేళ్ల క్రిందటనే తలచిన ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ. ఆయన జీవితాన్ని మన విద్యార్థుల ముందుంచడం సముచితమని మేము భావించాము.

సాటీ 1866 మే 17న ఫ్రాన్సులోని ఓన్‌ఫ్లూర్ అనే రేవు పట్టణంలో జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. 1879లో పారిస్ సంగీత కళాశాలలో చేరారు గాని, అక్కడి ఆచార్యులు ఆయనను సోమరి అని తీర్మానించారు. పట్టా పుచ్చుకోకుండానే ఆ విద్య ముగిసింది. పిమ్మట మోమార్త్రు ప్రాంతపు వినోదశాలలలో, జనుల మాటల సందడి నడుమ పియానో వాయించి జీవనం గడిపారు. 1888లో ఆయన రచించిన మూడు 'జిమ్నొపెదీ'లు తొందర లేకుండా, ఒకే తీరున, నిండు ప్రశాంతతతో సాగుతాయి. వాటిలో రెండింటిని మిత్రుడైన దెబుస్సీ వాద్యబృందానికి అనువుగా మలిచారు.

పేదరికం వెంటాడగా 1898లో పారిస్ శివారులోని అర్కెయ్‌లో ఒక చిన్న గదికి మారారు. అక్కడి నుండి నగరానికి ఎన్నో మైళ్లు కాలినడకనే వచ్చేవారు. 1905లో, ముప్పైతొమ్మిదవ యేట, ఆయన తిరిగి విద్యార్థి అయ్యారు. తనకంటె చిన్నవాడైన ఆల్బెర్ రూసెల్ వద్ద స్వరాల అల్లికను శాస్త్రోక్తంగా అభ్యసించి, 1908లో పట్టా పొందారు. చదువులో విఫలుడనిపించుకొన్నవాడు రియాజ్‌తో ఆ నిందను తుడిచివేశారు.

ఇంటిలో కుర్చీ, బల్ల ఉన్నట్లే సంగీతమూ ఉండాలని, అది మన దృష్టిని కోరరాదని ఆయన ఆశయం. ఇరానీ హోటలులో చాయ్ త్రాగుతూ ముచ్చటించుకొనేవారి వెనుక మ్రోగే రేడియో వంటిది అది. 1920 మార్చి 8న పారిస్‌లోని ఒక చిత్రశాలలో, నాటక విరామ సమయంలో ఆ ప్రయోగం చేశారు. సంగీతం మొదలు కాగానే జనులు మౌనంగా కూర్చొని వినసాగారు! వినవద్దని, మాట్లాడుకొమ్మని, తిరగమని సాటీ వారిని బతిమాలవలసి వచ్చింది. ఆనాడు ఆ ప్రయత్నం ఫలించలేదు. 1925 జూలై 1న ఆయన కన్నుమూశారు. ఇరవై ఏడేళ్లు ఎవరినీ అడుగిడనీయని ఆ గదిలోకి మిత్రులు ఆ తరువాతనే ప్రవేశించారు.

మిత్రులారా, చదివే వేళ పాటలోని పదాలు పుస్తకంలోని పదాలతో పోటీపడతాయి. మాటలు లేని సంగీతంతో ఆ చిక్కు తక్కువ. కాని సంగీతం తోడు మాత్రమే, శ్రమ మనదే. అర్కెయ్ నుండి నడిచి వెళ్లి నడివయస్సులో తరగతి గదిలో కూర్చొన్న ఆ విద్యార్థిని స్మరించుదాము. చదువు మధ్యలో ఆగిన సోదర సోదరీమణులారా, మీరు తిరిగి రావడానికి ఆలస్యమేమీ కాలేదు.