హెచ్.పి., వి.పి.ల పెద్దమనిషి

ఫస్టియర్‌లో డ్రాయింగు షీటు చించి పారేద్దామనుకోని విద్యార్థి ఉన్నాడంటే నేను నమ్మను. హెచ్.పి., వి.పి. అంటూ ఈ తలనొప్పి ఎవడు తెచ్చిపెట్టాడురా బాబూ అని నేనూ తిట్టుకున్నవాణ్ణే. ఆయన పేరు గాస్పార్ మోంజ్ అని తర్వాత తెలిసింది.

1746లో ఫ్రాన్సులోని బోన్ అనే ఊళ్ళో చిన్న వ్యాపారి ఇంట పుట్టాడు. కుర్రతనంలోనే తమ ఊరి పటం గీసి ఒక సైనికాధికారిని మెప్పించాడు. ఆ మెప్పుతోనే మెజియేర్ సైనిక ఇంజనీరింగు పాఠశాలలో అడుగుపెట్టాడు. కాని పెద్దింటి బిడ్డ కాదు గదా, ఆఫీసర్ల క్లాసులో చోటివ్వలేదు. పటాలు గీసే పనిలో పెట్టారు.

శత్రువు ఫిరంగులకు చిక్కకుండా కోటగోడ ఎంత ఎత్తు కట్టాలో తేల్చాలంటే ఆ రోజుల్లో పేజీలకొద్దీ లెక్కలు. మోంజ్ ఆ లెక్కలు మాని, గీతలతోనే ఇట్టే తేల్చేశాడు. ఇంత తొందరగా అయ్యే పని కాదని పై అధికారి మొదట ఆ కాగితం చూడనే లేదు. చూశాక దాన్ని సైనిక రహస్యం చేసి దాచారు. ఒకే వస్తువును రెండు తలాల మీద చూపే ఆ విద్యను 1795లో పారిస్‌లో మోంజ్ పాఠాలుగా చెప్పాకగాని నలుగురికీ అందలేదు.

ఈమధ్య మా ఫ్యాక్టరీలో ఒక పంపు డిజైన్ రివ్యూ జరిగింది. డ్రాయింగులు చదవడం రాని మెయింటెనెన్స్ మేస్త్రీకి కూడా వి.ఆర్. హెడ్‌సెట్ తగిలించారు. ఇంకా తయారే కాని పంపు ఆయన ఎదుట నిలువెత్తున నిలబడింది. చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు. ఏ భాగాన్ని చూపితే దాని లోహం, బరువు, పార్టు నంబరు పక్కనే కనిపిస్తున్నాయి. ఒక బోల్టు దగ్గర ఆగి, స్పానరు పట్టిన చెయ్యి దూరే సందేదని అడిగాడు. షీట్ల మీద వారాల తరబడి చూసిన మాకెవరికీ అది తట్టలేదు!

ఆ హెడ్‌సెట్ చేసేదీ వస్తువును తలం మీదికి దించడమే. చెయ్యబోయేదాన్ని ముందే చూసే విద్యను మోంజ్ రహస్యం నుంచి బడికి తెచ్చాడు. ఇప్పుడది మేస్త్రీ దాకా వచ్చింది.

నెపోలియన్ పతనమయ్యాక, 1816లో మోంజ్‌ను విద్వత్సభ నుంచి తీసేశారు. 1818లో కన్నుమూస్తే, ఆయన స్థాపించడంలో ముందు నిలిచిన ఎకోల్ పాలిటెక్నిక్ విద్యార్థులను అంత్యక్రియలకు వెళ్ళనివ్వలేదు. వాళ్ళు ఎదిరించలేదు. సెలవురోజున సమాధి దగ్గరికి వెళ్ళి పూలదండ ఉంచి వచ్చారు. ప్రభుత్వ గౌరవం మాత్రం 1989లో దక్కింది. ఆయన అవశేషాలను పాంథియన్‌కు చేర్చారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, షీటు చించే ముందు ఆ పూలదండను ఒక్కసారి తలుచుకోండి.