స్కౌట్లను, గైడ్లను తయారుచేసిన బేడెన్ పావెల్

ఈసారి మన గోడపత్రికకు నేను బేడెన్ పావెల్ గారి జీవితం రాస్తున్నాను.

ఆయన 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో జన్మించారు. మూడేళ్లకే తండ్రి చనిపోతే తల్లి పెంచింది. వాళ్ల బడి పక్కన అడవి ఉండేది. సార్లకు తెలియకుండా అందులో దూరి, కుందేళ్లను పట్టి, పొగ రాకుండా మంట పెట్టి వండుకునేవారట. పొగ లేస్తే దొరికిపోతారు కదా!

1876లో సైన్యంలో చేరి మన దేశం వచ్చారు. తర్వాత ఆఫ్రికా వెళ్లారు. 1896లో అక్కడ మాటబెలె ప్రజల మీద యుద్ధం చేశారు. వాళ్లు మన కొమురం భీం లాగా తమ నేల కోసం తిరగబడినవాళ్లు. ఆయన చేసిన ఈ పని నాకు నచ్చలేదు. కానీ జీవితం రాసేటప్పుడు ఇది దాచకూడదు.

1899లో మాఫెకింగ్ ఊరిని శత్రువులు చుట్టుముట్టారు. 217 రోజులు ఆయన ఊరిని కాపాడారు. అప్పుడు పిల్లలే సైకిళ్ల మీద ఉత్తరాలు చేరవేశారు. నమ్మి పని అప్పజెప్తే పిల్లలు చేస్తారని ఆయనకు తెలిసింది.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది బాలురతో శిబిరం పెట్టారు. కొందరు గొప్పింటి పిల్లలు, కొందరు పనివాళ్ల పిల్లలు. వాళ్లను కలిపి తోడేళ్లు, ఆంబోతులు, కాకులు, కర్లూ పిట్టలు అని నాలుగు దళాలు చేశారు. దళానికొక నాయకుడు. కలిసి వండుకోవాలి, జాడలు వెతకాలి. రాత్రి కాపలా వంతుల ప్రకారం కాయాలి. 1908లో ఆయన పుస్తకం వచ్చింది.

1909లో లండన్‌లో స్కౌట్ల సభ జరిగితే ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. అందుకే 1910లో గైడ్స్ మొదలైంది. ఆయన చెల్లెలు ఆగ్నెస్ దాన్ని నడిపింది. మన దేశంలో మొదట తెల్లవాళ్ల పిల్లలనే చేర్చుకునేవారు. అప్పుడు అనిబిసెంట్ గారు మద్రాసులో మనవాళ్లకు వేరే సంఘం పెట్టారు. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. పావెల్ గారు 1941 జనవరి 8న కెన్యాలో మరణించారు.

మా తాతకు అక్షరం రాదు. నేల మీద జాడ చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్తాడు. స్కౌట్లు నేర్చుకునేది ఆ విద్యే అని చదివి నాకు గర్వమనిపించింది.

మన హాస్టల్లో కోయ, లంబాడీ, కొండరెడ్డి పిల్లలం ఉన్నాం. అన్నం దగ్గర ఎవరి ఊరి వాళ్లతో వాళ్లే కూర్చుంటాం. కొత్త చెల్లెళ్లు రాత్రిపూట ఏడుస్తారు. అన్ని ఊళ్ల వాళ్లను కలిపి, పెద్దక్క నుంచి చిన్న చెల్లి వరకు ఎనిమిదేసి మందితో దళాలు చేద్దాం. ఒక ఆదివారం చెట్ల కిందికి వెళ్లి ఆకుల పేర్లు, పిట్టల పేర్లు ఎవరి భాషలో వాళ్లు చెప్పుకుందాం. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇస్తారని ఆశిస్తున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని, ముదిగొండ