తోలు పనికి గౌరవం తెచ్చిన నాయుడమ్మ గారు

విద్యార్థులారా, సెప్టెంబరు 10 డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారి జయంతి. పేరు చూసి ఎవరో అమ్మగారు అనుకునేరు! ఆయన మగవారే. ప్రపంచం మెచ్చిన తోలు శాస్త్రవేత్త. బ్రూస్‌పేటలో తెలుగు చదువుకుంటున్న మీరందరూ తెలుసుకోవలసిన మన తెలుగువారు.

ఆయన 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివారు. అప్పట్లో తోలు పని అంటే చిన్నచూపు. ఆ పని చేసేవాళ్లను ఊరికి దూరంగా ఉంచేవాళ్లు. నాయుడమ్మ గారు మాత్రం ఆ చదువునే ఎంచుకున్నారు. ఇంగ్లండులో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి వచ్చారు. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టర్‌గా పనిచేశారు.

తోలులో చదవడానికి ఏముంది అంటారా? చాలా ఉంది. పశువు చర్మంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్. అది ప్రకృతి తయారుచేసిన పాలిమర్, అంటే పొడవాటి గొలుసులాంటి అణువు. పచ్చి చర్మం ఊరికే కుళ్లిపోతుంది. తంగేడు చెక్కతోనో, కరక్కాయతోనో, క్రోమియం ఉప్పుతోనో పదును చేస్తే ఆ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. ఈ ముడి ఎలా పడుతుందన్నదే నాయుడమ్మ గారి పరిశోధన.

గట్టిపడిందో లేదో చేత్తో లాగి చెబితే చాలదు, కొలవాలి. తోలు ముక్కను కొలత ప్రకారం కోసి, యంత్రం రెండు దవడల మధ్య బిగించి, తెగేదాకా లాగుతారు. ముక్క వెడల్పు 10 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు, తెగినప్పటి బలం 400 న్యూటన్లు అనుకోండి. అంటే సుమారు 41 కిలోల బరువు వేలాడదీసినట్టు. 400ను 20తో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. అదే దాని తన్యతా బలం. ఇంకో పరీక్ష వేడినీళ్లది. పచ్చి చర్మం సుమారు 65 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. క్రోమియంతో బాగా పదునైన తోలు మరిగే నీళ్లకూ తట్టుకుంటుంది.

అదే కొల్లాజెన్‌ను నీళ్లలో ఉడికిస్తే జెలటిన్ వస్తుంది. అది నీళ్లు పట్టుకుని జెల్లీలా నిలిస్తే హైడ్రోజెల్. దాని మెత్తదనాన్నీ నొక్కి, లాగి ఇలాగే కొలుస్తారు.

నాయుడమ్మ గారు ప్రయోగశాలలోనే ఉండిపోలేదు. తోళ్లు పదును చేసేవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్ల పని తెలుసుకుని, కొత్త పద్ధతులు నేర్పించారు. తర్వాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. శాస్త్రాన్ని పల్లెకు తీసుకెళ్లాలని కరీంనగర్ జిల్లాలో ప్రయోగం చేయించారు. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. ఢిల్లీలోని జేఎన్‌యూకు వైస్ ఛాన్సలర్‌గానూ ఉన్నారు. 1985 జూన్ 23న కెనడా నుంచి తిరిగి వస్తుండగా ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి సముద్రంలో కూలిపోయింది. చనిపోయిన 329 మందిలో ఆయన కూడా ఉన్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఏదైనా చేతిపని మీద ఇష్టం చూపితే, అది మనకు తగిన పనేనా అని ముందే తీర్పు చెప్పకండి. పిల్లలూ, ఈ ఆదివారం ఒక రబ్బరు బ్యాండుకు చిన్న చిన్న బరువులు వేలాడదీసి, ఎంత సాగిందో స్కేలుతో కొలిచి పట్టిక రాయండి. నాయుడమ్మ గారి దారిలో మీది మొదటి అడుగు అదే.